వ్యాకరణం వచ్చును, మాట రాదు

తెలుగు పత్రికలో ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకం మీద విమర్శ ఏమిటని కొందరు పాఠకులు అనుకోవచ్చును. కారణం ఉన్నది. మన మారిషస్‌లో సెకండరీ పాఠశాలలకు వెళ్ళే తెలుగు పిల్లలు తెలుగు చదివేది వారానికి కొద్ది పీరియడ్లు మాత్రమే. లెక్కలు, సైన్సు, చరిత్ర, వాణిజ్యం అన్నీ ఇంగ్లీషులో చదివి ఇంగ్లీషులో వ్రాస్తారు. స్కూల్ సర్టిఫికెట్ చేతికి రావాలంటే ఇంగ్లీషు గట్టెక్కవలసిందే. కాబట్టి ఆ ఇంగ్లీషును ఏ పుస్తకంతో, ఏ పద్ధతిన చెబుతున్నామన్నది ఇంగ్లీషు ఉపాధ్యాయుల సొంత గొడవ కాదు. ప్రతి ఇంటి గొడవ.

నేను ముప్పై ఏళ్ళకు దగ్గరగా ఇంగ్లీషు చెబుతున్నాను. తెలుగు మాత్రం ఇంట్లో నేర్చుకోలేదు. మందిరం వెనుక గదిలో శనివారం మధ్యాహ్నం జరిగే తరగతుల్లో అక్షరం అక్షరంగా నేర్చుకొన్నాను. మా ఇంట్లో మాట్లాడేది క్రియోల్. అందువల్ల పరాయి భాష వ్యాకరణం ఎదుట కూర్చొన్న పిల్లకు ఎక్కడ గొంతు పట్టుకొంటుందో బల్లకు రెండు వైపుల నుంచీ చూసినదాన్ని.

నేను విమర్శించదలచిన పుస్తకం చాలామంది ఎరిగినదే. దాని అసలు పేరు హైస్కూల్ ఇంగ్లీష్ గ్రామర్ అండ్ కాంపోజిషన్. ఆ పేరుతో ఎవరూ అడగరు. రెన్ అండ్ మార్టిన్ అంటేనే అంగడివాడికి తెలుస్తుంది. పి. సి. రెన్ బొంబాయి ప్రభుత్వ విద్యాశాఖలో పనిచేసిన ఆంగ్లేయుడు. ఇంగ్లండులో ఆయనను వ్యాకరణవేత్తగా ఎవరూ ఎరుగరు. 1924లో వచ్చిన బో జెస్ట్ అనే సాహస నవల వ్రాసినవాడుగా ఎరుగుదురు. ఎడారిలో సిపాయిల కథ వ్రాసిన చేతితోనే నామవాచక భేదాలు వ్రాశాడంటే నాకు ఇప్పటికీ నవ్వు వస్తుంది. హెచ్. మార్టిన్‌తో కలిసి ఆయన కూర్చిన ఈ గ్రంథం 1930లలో బొంబాయిలో అచ్చయింది. తరువాతి కాలంలో దానిని సవరించిన ఎన్. డి. వి. ప్రసాదరావుగారి పేరు లోపలి పుటలో కనబడుతుంది. ఆ పేరు చూసినప్పుడల్లా, మనవాడే కదా అని ఒక చిన్న సంతోషం కలుగుతుంది.

ఈ పుస్తకం మన దీవికి పాఠ్యప్రణాళిక ద్వారా వచ్చినది కాదు. ఇండియాలో చదువుకొని తిరిగి వచ్చినవారి పెట్టెల్లోనూ, భారతీయ పుస్తకాలు అమ్మే దుకాణాల ద్వారానూ వచ్చింది. నా దగ్గర ఉన్న ప్రతి ముగ్గురి చేతులు మారి, అట్ట ఊడి, సూదీ దారంతో కుట్టించుకొని నాదాకా వచ్చినది. సాయంకాలం లెసన్లు చెప్పే చాలామంది ఉపాధ్యాయులు ఇప్పటికీ అభ్యాసాలు ఇందులోనుంచే ఎత్తి, ఫోటోకాపీలు తీసి పిల్లలకు పంచుతారు. పిల్లకు పుస్తకం పేరు తెలియకపోవచ్చును. అభ్యాసాలు మాత్రం తెలుసు.

ముందు దాని గుణం చెప్పాలి. ఇది నిజాయితీ గల పుస్తకం. ఒక నియమం చెబుతుంది, ఉదాహరణలిస్తుంది, వెంటనే అభ్యాసం పెడుతుంది. వాక్యంతో మొదలుపెట్టి, కర్త, క్రియ, పదబంధం, ఉపవాక్యం అంటూ మెట్టు మెట్టుగా కడుతుంది. ఏ సందేహం వచ్చినా, వెతికితే ఏదో ఒక పుటలో సమాధానం దొరుకుతుంది. గురువు లేనివాడు కూడా దీపం ముందర కూర్చొని ఒంటరిగా చదువుకోవచ్చును. మన పెద్దల్లో చెరకు తోట నుంచి గుమాస్తా బల్లకు, అక్కడినుంచి బడి కుర్చీకి ఎక్కినవారు ఇటువంటి పుస్తకాలతోనే ఎక్కారు. 1977లో సెకండరీ చదువు ఉచితం కాకముందు, ఫీజు కట్టలేక మధ్యలో ఆగినవాడికి కుట్టు వేసిన పాత వ్యాకరణమే కాలేజీ. దానిని చులకన చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు.

అయితే ఆ పెద్దలు చేసినది వేరు, మన పిల్లలు చేస్తున్నది వేరు. వారు ఆఫీసులో పగలంతా విన్న ఇంగ్లీషును రాత్రి పుస్తకంలో సరిచూసుకొనేవారు. అక్కడ దొర ఉన్నాడు, ఫైలు ఉన్నది, ఉత్తరాలు ఉన్నవి. పుస్తకం వారి చెవిలో ఉన్నదానికి పేరు పెట్టింది. మన పిల్ల చెవిలో ఇంగ్లీషు ఎక్కడ ఉన్నది? 2011 జనాభా లెక్కల్లో నూటికి 84 మంది ఇంట్లో మాట్లాడేది క్రియోల్ అని చెప్పుకొన్నారు. దినపత్రికలు ఎక్కువగా ఫ్రెంచి. రేడియో ఫ్రెంచి, క్రియోల్. బస్సులోనూ బజారులోనూ క్రియోల్. బ్రిటిషువారు 1810లో ఈ దీవిని పట్టుకొని 1968 దాకా పరిపాలించారు. ఇంగ్లీషు శాసనసభకు, కచేరీకి, బడికి వచ్చింది గాని వంటింటికి రాలేదు. ఇంగ్లీషు మనకు కాగితం మీది భాష.

రెన్ అండ్ మార్టిన్‌లో మొదటి లోపం ఇక్కడనే ఉన్నది. ఖాళీలలో తగిన ఆర్టికల్ నింపుము అని ఒక అభ్యాసం ఇస్తుంది. నింపడానికి ముందు ఆ మాటలు చెవిలో మ్రోగి ఉండాలి. మ్రోగని పిల్ల ఏం చేస్తుంది? ‘ఎ’ పెట్టాలా ‘ది’ పెట్టాలా అని పక్క పిల్ల కాగితం చూస్తుంది, లేదా బొమ్మా బొరుసా వేస్తుంది. దిద్దిన కాగితం తిరిగి వచ్చినప్పుడు పదిలో నాలుగు వచ్చాయని తెలుస్తుంది గాని ఆ ఆరు ఎందుకు పోయాయో తెలియదు. ఈ పుస్తకం భాష వచ్చినవాడికి భాషను వివరిస్తుంది. రానివాడికి పరీక్ష పెడుతుంది.

రెండవ లోపం ఇంకా పెద్దది. పిల్ల ఖాళీ చేతులతో తరగతికి వచ్చిందని ఈ పుస్తకం అనుకొంటుంది. ఆ పిల్ల తలలో అప్పటికే ఒకటో రెండో పూర్తి వ్యాకరణాలు ఉన్నవి. ఇది నేను గొప్పకు చెప్పడం లేదు. మన పిల్లలు క్రియోల్‌లో ‘మో మాంజే’ అంటారు, నేను తింటాను అని. అన్నం అనే మాట తరువాత వస్తే ‘మో మాంజ్ దిరి’ అంటారు. క్రియ చివర తెగిపోతుంది. వెనుక కర్మ ఉంటే పొట్టి రూపం, ఏమీ లేకపోతే పొడుగు రూపం. ఈ నియమాన్ని మూడేళ్ళ పసివాడు కూడా తప్పడు. వాడికి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. అటువంటి పిల్లను పట్టుకొని, నీకు వ్యాకరణం లేదమ్మా అంటే ఎలాగ? క్రియోల్‌కు వ్యాకరణమే లేదని మా చిన్నతనంలో పెద్దలు అనేవారు. ఇప్పుడు దానికి నిఘంటువు ఉన్నది, స్థిరమైన వ్రాత ఉన్నది, 2012 నుంచి ప్రాథమిక పాఠశాలల్లో పాఠ్యాంశంగా ఉన్నది. అయినా ఇంగ్లీషు తరగతిలో అది ఇంకా దొడ్డిదారినే వస్తున్నది.

మాటలతో చెబితే తేలికగా కనబడుతుంది గనుక వాక్యాలతోనే చూద్దాము. పిల్ల ‘హీ మై బ్రదర్’ అని వ్రాస్తుంది. ఎర్ర సిరాతో ‘ఈజ్’ అని చేరుస్తాము. మరునాడు మళ్ళీ అదే. పిల్ల మందమతి అని కొందరు నిర్ణయిస్తారు. తెలుగులో ఏమంటాము? ‘వాడు మా అన్న.’ క్రియ ఉన్నదా? లేదు. క్రియోల్‌లో ‘లి మో ఫ్రేర్.’ అక్కడా లేదు. రెండు భాషల్లోనూ నిండు వాక్యమే, ఏ కొరతా లేదు. ఇంగ్లీషు మాత్రం అక్కడ ఒక మేకు కొట్టకుండా ఊరుకోదు. పిల్ల చేసినది అజ్ఞానం కాదు, అనువాదం. క్రియోల్‌లో కూడా ఆ మేకు ఒకచోట బయటపడుతుందని చూపించండి: అతడు ఎక్కడున్నాడు అని అడిగేటప్పుడు ‘కొత్ లి ఎతే?’ అంటాము. ఆ ‘ఎతే’ ఎక్కడినుంచి వచ్చింది అని అడిగితే, తరగతిలో వెనుక బల్ల మీద నిద్రపోయేవాడు కూడా తల ఎత్తుతాడు. రెన్ అండ్ మార్టిన్ ఈ క్రియ రూపాలన్నీ పట్టికగా ఇస్తుంది. అది లేకుండా భాషలు ఉన్నవని మాత్రం ఎక్కడా చెప్పదు. తమిళుడికీ తెలుగువాడికీ కూడా పనికివచ్చేటట్లు ఇండియాలో వ్రాసిన పుస్తకం ఈ ఒక్క మాట చెప్పకపోవడం నాకు వింతగా తోస్తుంది.

వయస్సు చెప్పేటప్పుడు చూడండి. ‘ఐ హావ్ ఫిఫ్టీన్ ఇయర్స్’ అనని మారిషస్ విద్యార్థి అరుదు. క్రియోల్‌లో ‘మో ఎనా కెంజ్ ఆన్’. ఫ్రెంచిలోనూ ఏళ్ళు కలిగి ఉండడమే. ఇంగ్లీషువాడు తానే పదిహేనేళ్ళు అయి ఉంటాడు. తెలుగువాడు ఏళ్ళను కలిగి ఉండడు, ఏళ్ళు తాను కాడు. ‘నాకు పదిహేనేళ్ళు’ అని దూరం నుంచి చూస్తాడు. ఈ మూడింటినీ నల్లబల్ల మీద పక్కపక్కన వ్రాయడానికి మూడు నిమిషాలు చాలును. ఆ మూడు నిమిషాల తరువాత ఆ తప్పు పూర్తిగా పోతుందని అనను. కాని చేసినప్పుడు పిల్ల తానే పట్టుకొని నాలుక కరచుకొంటుంది. ఎర్ర సిరా అవసరం ఉండదు.

తెలుగు చదివే పిల్లకు ఇంకొక లాభం ఉన్నది, దానిని మనం వాడుకోవడం లేదు. క్రియోల్‌లో ‘లి’ అంటే అతడూ, ఆమే, అదీ. అందుకే మన పిల్లలు వ్యాసంలో అమ్మను ‘హీ’ అనీ నాన్నను ‘షీ’ అనీ వ్రాస్తారు. తెలుగులో వచ్చాడు వేరు, వచ్చింది వేరు. (అమ్మకూ ఆవుకూ ఒకే క్రియ పెట్టినందుకు మన వైయాకరణులను నేను ఇంకా క్షమించలేదు, అది వేరే వ్యాసం.) క్రియోల్ క్రియ కర్తను బట్టి మారదు. తెలుగు క్రియ ప్రతి కర్తకూ మారుతుంది: వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది. ఇన్ని మార్పులు చేసే పిల్ల ఇంగ్లీషులో ఒక్కచోట, ‘హీ గోజ్’ దగ్గర, ఒక్క శబ్దం చేర్చలేదా? తెలుగు క్లాసులో తాను చేసే పనే ఇది అని ఎవరైనా చెబితే చేర్చగలదు. తెలుగు ఉపాధ్యాయురాలు ఒక గదిలో, ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు మరొక గదిలో, నడుమ గోడ. నా విషయంలో ఇద్దరూ ఒకే మనిషి గనుక గోడ లేదు.

అన్నిచోట్లా తెలుగే సాయం చేస్తుందని చెబితే అది మన మీద మనకున్న ప్రీతి తప్ప నిజం కాదు. ‘ఐ ఏట్’, ‘ఐ హావ్ ఈటెన్’ అన్న భేదం దగ్గర తెలుగు చేతులెత్తేస్తుంది. రెండింటికీ ‘తిన్నాను’ అంటే చాలును. అక్కడ క్రియోల్ ముందుకు వస్తుంది. ‘మో తి మాంజే’ ఒకటి, ‘మో ఫిన్ మాంజే’ మరొకటి. ఆ ‘ఫిన్’ను చూపించి ఇంగ్లీషు ‘హావ్’ను చెబితే పిల్లకు వెంటనే తడుతుంది. మళ్ళీ అందులో ఒక గొయ్యి ఉన్నది: క్రియోల్‌లో ‘ఫిన్’ పక్కన నిన్న అనే మాట పెట్టవచ్చును, ఇంగ్లీషు అలా ఒప్పుకోదు. పిల్ల ఆ గోతిలో పడుతుంది. పడనివ్వండి. ఎక్కడ పడిందో తెలిసి పడడం కొంత నయం. వ్యాకరణ పుస్తకం ఈ కాలాలన్నిటికీ పేర్లు పెట్టి, నిర్వచనాలు చెప్పి, వరుసగా నిలబెడుతుంది. నిర్వచనం వప్పగించిన పిల్లను, ఈ రోజు పొద్దున్న ఏం తిన్నావు అని ఇంగ్లీషులో అడగండి. నేల చూస్తుంది.

ఇక ఈ పుస్తకానికీ, మన లెసన్ మాస్టర్లకూ అత్యంత ప్రీతిపాత్రమైన అధ్యాయానికి వద్దాము: ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంగా మార్చుట. ‘రేపు ఇక్కడికి వస్తాను అని రాము అన్నాడు’ అని ఇస్తారు. రేపు మరునాడు కావాలి, ఇక్కడ అక్కడ కావాలి, వస్తాను అన్నది ఒక మెట్టు వెనక్కు పోవాలి. పది వాక్యాలు, పది మార్పులు. ఈ రామును ఎవరు కలిశారు, ఎవరికి చెబుతున్నారు, ఎందుకు చెబుతున్నారు, ఏమీ తెలియదు. గణితంలాగ చేస్తారు.

అదే పిల్ల ఇంటికి వెళ్ళగానే నానమ్మ ఒక కవరు చేతికిస్తుంది. ప్రభుత్వ కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరం, ఇంగ్లీషులో. ‘ఏమని వ్రాశారే?’ పిల్ల చదివి క్రియోల్‌లో చెబుతుంది. రెండు తెలుగు ముక్కలు వస్తే చివర చేరుస్తుంది: ‘ఇంకొక కాగితం కావాలట, నానమ్మా.’ ఆ ‘ట’ అనే ఒక్క అక్షరం చూడండి. నేననడం లేదు, వాళ్ళన్నారు, నేను మోసుకొని వచ్చాను అని ఆ ఒక్క అక్షరం చెబుతుంది. ఇంగ్లీషులో ఒక అధ్యాయం పట్టేదాన్ని తెలుగు ఒక అక్షరంలో ముగిస్తుంది. ఇది పరోక్ష కథనం కాకపోతే మరేమిటి? ఒక భాషలో చదివి, సారం తీసి, ఇంకొక భాషలో, వినేవారి వయస్సుకు తగ్గట్టుగా చెప్పడం పుస్తకంలోని పది వాక్యాల కంటే కష్టమైన పని. మన పిల్లలు ఆ పని పదేళ్ళ వయస్సునుంచే చేస్తున్నారు. బడిలో ఆ పనికి మార్కులు లేవు. పదికి మూడు వచ్చిన కాగితానికి ఉన్నవి. అటువంటి ఒక ఉత్తరాన్ని తరగతిలో పెట్టి, దీనిని మీ నానమ్మకు చెప్పండి, తరువాత నానమ్మ అడిగిన ప్రశ్నను ఇంగ్లీషులో ఆ ఆఫీసుకు వ్రాయండి అంటే, పరోక్ష కథనం, ఉత్తర లేఖనం, మర్యాద అన్నీ ఒక్కసారే వస్తాయి.

ఆ ఉత్తరంలోనే కర్మణి ప్రయోగం కూడా ఉంటుంది. వ్యాకరణ పుస్తకంలో కర్మణి అంటే కర్తరిని తిరగేసిన చొక్కా. పిల్లి ఎలుకను చంపింది, ఎలుక పిల్లి చేత చంపబడింది. ఎందుకు తిరగేయాలో చెప్పదు. తెలుగులో ‘బడు’ ప్రయోగం పుస్తకాల్లో తప్ప నోట్లో ఉండదు. అందువల్ల పిల్లకు ఇది మరీ వింత. ఇంగ్లీషు ఆఫీసులు దీనిని వాడేది చేసినవాడి పేరు చెప్పనవసరం లేనప్పుడు, లేదా చెప్పదలచుకోనప్పుడు. మీ దరఖాస్తు తిరస్కరించబడినది. ఎవరు తిరస్కరించారు? వాక్యంలో లేదు. పిల్ల ఆ ప్రశ్న అడగడం నేర్చుకొంటే కర్మణి ప్రయోగం వచ్చినట్లే. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో మన తాతముత్తాతల వలస కాగితాలు భద్రపరచి ఉన్నవి. 1834 తరువాత ఓడలు దిగినవారి పేరు, నంబరు, ఏ తోటకు పంపారో ఆ వివరం వ్రాసిన దస్తావేజులు. గుమాస్తా చెవికి ఎలా వినబడిందో అలా వ్రాసిన పేర్లనే ఇప్పటికీ మనలో ఎందరో ఇంటిపేర్లుగా మోస్తున్నారు. ఆ కాగితాల్లో మనవాళ్ళు ఏ పనికీ కర్తలు కారు. వారిని ఎక్కించారు, లెక్కించారు, పంచారు. కర్మణి ప్రయోగం చెప్పేటప్పుడు నేను పిల్లి ఎలుకల జోలికి పోను. ఈ సంగతి చెబుతాను. ఆ రోజు తరగతి నిశ్శబ్దంగా వింటుంది.

ఇంతకూ ఈ మార్పులూ, పదవిభజనలూ పరీక్ష కోసమేనా అంటే అదీ కాదు. మన పిల్లలు వ్రాసే కేంబ్రిడ్జి ఇంగ్లీషు పరీక్షలో వ్యాసం వ్రాయాలి, ఇచ్చిన సందర్భానికి తగినట్లు ఉత్తరమో నివేదికో వ్రాయాలి, చదివినది గ్రహించి సంక్షిప్తం చేయాలి. ఈ వాక్యంలో ఉపవాక్యం పేరు చెప్పుము అని అక్కడ ఎవరూ అడగరు. అడగని దానికోసం సాయంకాలాలు ఖర్చు పెడుతున్నాము. పరీక్షలో మాట్లాడించి వినే భాగం లేదు గనుక మాటకు ఒక్క సాయంకాలం కూడా లేదు. ఎబెన్‌లో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు, హోటలు బల్ల వెనుక నిలబడినప్పుడు, మొదట అడిగేది నోరు.

కొత్త పుస్తకాలు వచ్చాయి కదా అంటారు. రేమండ్ మర్ఫీ వ్రాసిన ఇంగ్లీష్ గ్రామర్ ఇన్ యూస్ 1985లో కేంబ్రిడ్జి వారు ప్రచురించారు. ఎడమ పుటలో వివరణ, కుడి పుటలో అభ్యాసం. పదాల జాతి కులాలు అడగదు; ఇది ఎప్పుడు అంటాము, అది ఎప్పుడు అంటాము అని చూపిస్తుంది. వాక్యానికి ఒక సందర్భం ఉంటుంది, మాట్లాడే మనిషి ఉంటాడు. ఈ ఒక్క విషయంలో రెన్ అండ్ మార్టిన్ కంటే ఎంతో ముందున్నది, సందేహం లేదు. కాని అది ప్రపంచంలో అందరి కోసం వ్రాసినది; కాబట్టి ఎవరి భాషా దానికి పట్టదు. వెనుక జవాబులు ఉన్నవి. మన పిల్లలు ముందు అక్కడికే వెళ్తారు. ఒంటరిగా కూర్చొని చేసుకొనే పుస్తకం గనుక మాట్లాడించే పని దానిదీ కాదు. నన్నడిగితే రెన్ అండ్ మార్టిన్ ఉపాధ్యాయుల బల్ల మీద ఉండాలి, సందేహం తీర్చుకోవడానికి. మర్ఫీ పిల్ల సంచిలో ఉండవచ్చును. తరగతిలో తెరచి ఉండవలసిన పుస్తకం ఇంకా ఎవరూ వ్రాయలేదు. దానిని లండనువారు వ్రాయలేరు, బొంబాయివారూ వ్రాయలేరు. ‘లి’ అంటే ఏమిటో తెలిసినవారు వ్రాయాలి.

తరగతిలో క్రియోల్ మాట్లాడితే ఇంగ్లీషు ఎప్పటికి వస్తుంది అనే ప్రశ్న తల్లిదండ్రుల సమావేశంలో తప్పక వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే ఉపాధ్యాయుడు వివరణ అంతా క్రియోల్‌లోనే చెబుతాడు, చెప్పినట్లు ఒప్పుకోడు. ఇంగ్లీషు పుస్తకంలోనుంచి చదివే వాక్యాలకు మాత్రమే మిగులుతుంది. దీనిని నేను తలక్రిందులు చేయమంటున్నాను. పోలికకు క్రియోల్‌నూ తెలుగునూ పట్టపగలు, నల్లబల్ల మీద వాడండి; అది పది నిమిషాల పని. మిగిలిన సమయం పిల్లలు ఒకరితో ఒకరు ఇంగ్లీషులో మాట్లాడాలి. బస్సు స్టాండు నుంచి మందిరానికి దారి చెప్పమనండి. తప్పిపోయిన సంచి గురించి ఫోనులో అడగమనండి. ఒకరు వీపు తిప్పి నిలబడితే ఫోనే అవుతుంది, ముఖం కనబడదు గనుక మాటే పని చేయాలి. మధ్యలో ఆపి దిద్దకండి. తప్పులు కాగితం మీద వ్రాసుకొని చివర చెప్పండి. నలభై మంది తరగతిలో ఇది గోల అవుతుంది, నిజమే. పక్క తరగతివారు ఫిర్యాదు చేస్తారు, అదీ నిజమే.

ఈ విమర్శ మన ఇంటికి కూడా తగులుతుంది. మన సాయంకాలపు తెలుగు తరగతుల్లో విభక్తి ప్రత్యయాలు వరుసగా వప్పగించే పిల్లలు ఉన్నారు. ఉగాదినాడు వేదిక మీద పద్యం చక్కగా చదువుతారు, మనం చప్పట్లు కొడతాము. దిగివచ్చిన తరువాత దాహమైతే నీళ్ళు క్రియోల్‌లో అడుగుతారు. షష్ఠి పేరు తెలుసు, ‘నాకు నీళ్ళు కావాలి’ అన్నది నోట రాదు. రెన్ అండ్ మార్టిన్ చేసిన పనినే మనం మన భాషకు చేస్తున్నాము, అది కూడా అభిమానంతో. పిల్లకు ఇంగ్లీషు మార్కుల కోసం, తెలుగు మార్కుల కోసం అయినప్పుడు, నోరు విప్పడానికి ఒక్క క్రియోలే మిగులుతుంది. అది మిగలడం మంచిదే. అదొక్కటే మిగలడం మంచిది కాదు.

గడచిన టర్ములో ఆర్టికల్స్ చెబుతూండగా తొమ్మిదో గ్రేడు పిల్ల ఒకతె లేచి, ‘మిస్, తెలుగులో ది లేదు కదా, మరి తెలుగువాళ్ళకు ఏ పుస్తకమో ఎలా తెలుస్తుంది?’ అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు, తరగతికి వదిలాను. ‘ఆ పుస్తకం’ అంటారు అని ఒకడు. ‘ఆ’ అంటే ‘దట్’ కదా అని ఇంకొకతె. క్రియోల్‌లో ‘లీవ్ లా’ అని వెనుక పెడతాము, ఇంగ్లీషువాడు ముందు పెడతాడు అని మరొకడు. ‘పుస్తకం తెచ్చావా?’ అని నేను తెలుగులో అడిగాను. ఏ పుస్తకమో అందరికీ తెలిసింది. ఏ గుర్తూ లేదు. సరే, దీనినే ఇంగ్లీషులో అడుగు అన్నాను, మొదట లేచిన పిల్లతో. అడిగింది, ‘ది’ పెట్టి. ఎందుకు పెట్టావు అంటే, ‘నాకూ మీకూ తెలిసిన పుస్తకం గనుక’ అన్నది. ఇంటికి వచ్చి రెన్ అండ్ మార్టిన్‌లో ఆర్టికల్స్ అధ్యాయం మళ్ళీ తీశాను. నియమం చక్కగానే ఉన్నది. ‘నాకూ మీకూ’ అన్న మాట మాత్రం, మాట్లాడే ఇద్దరు మనుషులు, ఆ పుటలో నాకు కనబడలేదు.